కారు వణికిన ఏడాది

నా కారు బాగుపడింది. సంతోషించాల్సిన విషయమే. కానీ దాన్ని బాగుచేసింది కోటేశ్వరి కావడం వల్ల ఆ సంతోషం నాకు అరగలేదు. కోటేశ్వరి నా మేనత్త కూతురు, నాకంటే ఏడాది చిన్నది. మార్టూరులో వాళ్ళకి గ్రానైటు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ఉంది. మొగుడు ఆర్డర్ల కోసం తిరుగుతుంటే రాళ్ళనీ లారీలనీ పనివాళ్ళనీ తనే చూసుకుంటుంది. మొన్న గుంటూరులో కంటి డాక్టరుకి చూపించుకుని, "వదినా, నీ ఇంట్లో కాఫీ తాగి పోతా" అంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి, మెట్లెక్కి వచ్చినా రొప్పలేదు. అది కూడా నాకు నచ్చలేదు.

కారు జబ్బు నెలరోజుల నాటిది. మెల్లగా పోతున్నంతసేపూ బుద్ధిగా ఉండేది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, ముందున్న ఆటోని దాటుదామనో యాక్సిలరేటర్ తొక్కితే చాలు, చలిజ్వరం వచ్చిన మనిషిలా ఒళ్ళంతా వణికేది. స్టీరింగు పట్టుకున్న నా చేతులూ వణికేవి. వర్క్‌షాపుకి ఇస్తే ప్లగ్గులు మార్చారు, వణుకు పోలేదు. మళ్ళీ ఇస్తే కంప్యూటరు తగిలించి చూసి "మిషన్ అంతా బాగానే ఉందని చూపిస్తోంది మేడమ్" అన్నారు. మూడోసారి పెట్రోల్లో నీళ్ళు కలిసి ఉంటాయన్నారు. అక్కడికి నేనే ఏదో కలిపినట్టు! ఈ గోడంతా కోటేశ్వరితో ఎందుకు చెప్పుకున్నానో నాకే తెలియదు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే కారు ఆరోగ్యం చెప్పాను. కోటేశ్వరి కాఫీ గ్లాసు అలాగే వదిలేసి లేచింది. "పద, చూద్దాం."

మిర్చియార్డు దాటి రోడ్డు కాస్త ఖాళీ అయ్యేదాకా నా పక్కన గమ్మున కూర్చుంది. తర్వాత చెప్పులు విడిచి, రెండు పాదాలూ కారు నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని "ఇప్పుడు తొక్కు వదినా" అంది. తొక్కాను. కారు వణికింది. "వదులు. మళ్ళీ తొక్కు." మళ్ళీ వణికింది. కోటేశ్వరి కళ్ళు తెరిచింది.

"ఇది కిందనుంచి రావట్లేదు. చక్రాలు బానే ఉన్నయ్. ముందు ఇంజనే ఊపిరాడక కొట్టుకుంటోంది. పక్కకి తీసి ఆపు."

బానెట్ ఎత్తి, నన్ను లోపలే కూర్చోబెట్టి, నిలబడి ఉన్న కారులోనే యాక్సిలరేటర్ తొక్కమంది. "ఇంకా తొక్కు. భయపడతావేం, అది ఎక్కడికీ పోదులే. ఇంకా... ఆఁ! దొరికింది దొంగముండ!" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి పక్కనే టీ బండి దగ్గర నిలబడినవాళ్ళు కూడా తిరిగి చూశారు. తర్వాత తను లోపల కూర్చుని తొక్కుతూ నన్ను వెళ్ళి చూడమంది. నేను వంగి చూశాను. ఇంజనుకి గాలి పీల్చుకునే గొట్టం ఒకటి ఉంటుంది. దాని పక్కనే ఒక ఎర్రగుడ్డ మూట ఉంది. ఇంజను జోరందుకునేసరికి ఆ మూట కొస పైకి లేచి, పొదుగుకి దూడ మూతి పెట్టినట్టు వెళ్ళి ఆ గొట్టం నోటికి అతుక్కుపోయింది. వెంటనే ఇంజను దగ్గి, వణికింది. కోటేశ్వరి కాలు తీయగానే మూట కిందపడి, ఏమీ ఎరగనట్టు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

ఆ మూట పెట్టింది నేనే. మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఎలుకలు కార్ల వైర్లు కొరికేస్తుంటే, గుంటూరులో ఉంటూ ఎలుకలమందు కొనుక్కునే ఖర్మ నాకేమిటని, గుప్పెడు ఘాటు మిరపకాయలు నలిపి, మిగిలిపోయిన ఎర్ర జాకెట్టు గుడ్డలో కట్టి అక్కడ పడేశాను. వర్క్‌షాపుకి ఫోన్ చేసి, ఇన్నిసార్లు చూశారు కదా, ఆ మూట మీ కంట పడలేదా అని దులిపాను. "పడింది మేడమ్. దిష్టి మూట కదా అని ప్రతిసారీ జాగ్రత్తగా తీసి, పని అయ్యాక ఎక్కడిదక్కడే పెట్టేశాం" అన్నారు. ఎర్రగుడ్డా మిరపకాయలూ చూస్తే మన వైపు ఎవరైనా ఇంకేమనుకుంటారు? కళ్ళకద్దుకుని మరీ పెట్టి ఉంటారు. కోటేశ్వరి కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం, ఆ చెప్పులు విడిచి పాదాలు నేలకానించడం చూసినప్పుడే, ఎప్పటిదో మంట మళ్ళీ రాజుకుంది. అలా కూర్చోవడం దానికి నేర్పింది మా నాన్న. నాకు నేర్పలేదు.

మా ఊరు పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య, నల్లరేగడి నేలల్లో ఉంది. మిరప, పత్తి, కొంచెం పొగాకు. మిరప కోతలప్పుడు ఊరి గాలికే కారం పట్టేది. కల్లాల్లో ఎండే కాయల ఘాటుకి పొద్దున్నే తుమ్ములతో లేచేవాళ్ళం. మా ఇంట్లో ఎవరు నిద్రలేచారో తుమ్మును బట్టి చెప్పొచ్చు: అమ్మది చిన్న తుమ్ము, పైట అడ్డం పెట్టుకుని, నాన్నది పెంకులు ఎగిరేంత. వసారాలో ఒక పక్క పత్తి కుక్కిన పెద్ద గోతం, బోరెం, ఉండేది, ఇంకో పక్క ఆడకూలీలు కూర్చుని రంగు వెలిసిన తాలుకాయలు ఏరేవాళ్ళు. ఆ చేతులతోనే మధ్యాహ్నం అన్నాలు తినేవాళ్ళు, వాళ్ళ కళ్ళెందుకు మండవో నాకు అర్థమయ్యేది కాదు. అమ్మ పండుమిరపకాయలూ చింతపండూ కలిపి రోట్లో తొక్కుతుంటే, ఆ వాసనకి బడినుంచి వచ్చే నాకు వీధి మొదట్లోనే నోరూరేది. నాన్నది మాత్రం వేరే లోకం. లేవగానే మొహం కడుక్కునే ముందే కారు తుడిచేవాడు. దానికోసం పాత పంచె చింపి, ఉతికి, మడత పెట్టి ఉంచుకునేవాడు. మా మొహాలు తుడుచుకునే తువ్వాళ్ళకి అంత భాగ్యం లేదు.

ఎవరిదో పాతకారు కొన్నాడు నాన్న. తెల్లది, లావుపాటిది, ఊళ్ళో అదొక్కటే. దాంట్లో ముందు సీటు నాది. ఎవరూ నా పేరు రాసివ్వలేదు గానీ, ఒక్కగానొక్క కూతుర్ని, నాన్న ఎక్కడికి బయల్దేరినా ముందు తలుపు నాకోసం తెరుచుకునేది. అమ్మ కూడా వెనకే కూర్చునేది. పర్చూరు సంతకి పోతే దారిలో కనిపించిన చేలన్నీ ఎవరివో, ఎవరు ఏ పైరు వేసి చెడ్డారో నాన్న చెప్పేవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి స్టీరింగు పట్టుకుంటే మాటలపుట్ట. ఆ మాటలన్నీ పక్కసీట్లో ఉన్నవాళ్ళ సొత్తు.

అప్పుడు వచ్చింది కోటేశ్వరి. మా మేనత్తది పొదిలి వైపు మెట్ట పల్లె. వరసగా వానలు లేక చేలు బీటలువారాయి. ఆడపిల్ల వెళ్ళి చదువుకునేంత దగ్గర్లో హైస్కూలు లేదు. "అన్నయ్యా, దీన్ని నీ దగ్గర ఉంచుకో" అని మేనత్త రేకుపెట్టెతో సహా దించిపోయింది. వచ్చిన రోజే కోటి మా గేదె దగ్గరికి పోయి పాలు పితికింది. మర్నాడు బావి గిలక కీచుమంటోందని ఆముదం పోసింది. ఏ వస్తువు శబ్దం చేసినా ఊరుకునేది కాదు. అమ్మ మురిసిపోయింది. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని దాన్ని గమనిస్తూ కూర్చున్నాను. నా కంచం, నా మంచం, నా రిబ్బన్లు సగం సగం అయ్యాయి. అవి పోతే పోనీ అనుకున్నాను. ముందు సీటు సగం కాదు కదా అని ధైర్యం.

ఆ ఏడు మిరప బాగా పండింది. లారీలకి గిరాకీ ఎక్కువై సమయానికి దొరికేవి కాదు. నాన్న కారు వెనకసీటు పీకేసి, మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు, టిక్కీలంటారు వాటిని, లోపల పేర్చి గుంటూరు యార్డుకి తోలాడు. బరువుకి కారు వెనకభాగం నేలకి రాసుకుంటుంటే చిలకలూరిపేటలో లారీలకి కమాన్లు, అంటే బరువు మోసే ఇనపపట్టీల స్ప్రింగులు, వేసే కమ్మరి దగ్గరికి పోయి, వెనకచక్రాల మీదుండే కమాన్‌కట్టల్లో ఒక్కో ఇనపపట్టీ అదనంగా వేయించుకొచ్చాడు. ఎడ్లబండి ఉన్న ప్రతి రైతుకీ తెలిసిన తెలివే అది: బరువు ఎక్కువైతే కింద ఇంకో బద్ద కట్టు. కాయలన్నీ అమ్ముడుపోయాక సీటు మళ్ళీ బిగించాడు గానీ పట్టీలు తీయించలేదు. వచ్చే ఏడు మళ్ళీ కావాలి కదా! ఖాళీ కారు, వంగి ముగ్గేస్తున్న మనిషిలా వెనక ఎత్తుగా నిలబడేది. ఊరంతా నవ్వింది. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

వణుకు అప్పుడే మొదలైంది. బయల్దేరి కాస్త వేగం అందుకోబోయేసరికి కిందనుంచి గడగడమని, అద్దాలు టపటపలాడేవి. నాన్నకి స్నేహితుడైన మెకానిక్కు మస్తాను పేట నుంచి వచ్చాడు. క్లచ్ ప్లేటు అన్నాడు, మార్చాడు. ఇంజను కింద రబ్బర్లు అన్నాడు, అవీ మార్చాడు. చివరికి కారు కిందకి దూరి, ఇంజను నుంచి వెనకచక్రాలకి పోయే పొడుగాటి ఇనప షాఫ్టుని చేత్తో కదిపి చూసి, నాన్నని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. "ఎక్కడ, ఎప్పుడు వణుకుతోందో ముందు నాకు తేల్చి చెప్పన్నా. రోజూ తోలి చూడు" అని మాత్రం పైకి అని వెళ్ళాడు.

మర్నాడు పొద్దున నాన్న తాళాలు తీసిన చప్పుడు విని నేను జడ కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నాన్న ముందు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నువ్వు చదువుకోమ్మా" అన్నాడు.

"చదివేశాను నాన్నా."

"మళ్ళీ చదువుకో." తర్వాత నా తలమీదుగా వసారాలోకి చూసి కేకేశాడు. "కోటీ! ఒసే కోటీ, ఇట్రా."

అది పేడచేతులు పావడాకి తుడుచుకుంటూ వచ్చి నా సీట్లో కూర్చుంది. "చెప్పులిడిచెయ్. కాళ్ళు నేలకానించు. ఎక్కడ పుడుతుందో కాళ్ళకి తెలుస్తది" అని నాన్న చెబుతుండగా కారు కదిలి వెళ్ళిపోయింది. నేను ఆ దుమ్ములో నిలబడ్డాను. ఆ రోజు నాకు కలిగినదాన్ని మర్యాదగా బాధ అనొచ్చు. కానీ అది బాధ కాదు, కుళ్ళు. పచ్చి కుళ్ళు.

ఇక రోజూ అంతే. వాళ్ళిద్దరూ కాలవకట్ట దాకా పోయి వచ్చేవాళ్ళు. కోటి జుట్టు నిండా దుమ్ము, ఒంటి నిండా పెట్రోలు వాసన, మొహం మతాబాలా వెలిగేది. అన్నాల దగ్గర కూడా అదే గోల. "సెకండ్ గేరులో ఎక్కువుంది మామయ్యా, థర్డులో తక్కువ." "ఎత్తు ఎక్కేటప్పుడో?" "ఎత్తైనా పల్లమైనా ఒకటే. నువ్వు గట్టిగా తొక్కినప్పుడే." నాన్న ముద్ద కలుపుతూ తలూపేవాడు. ఆ తలూపు కోసం నేను ఏమేం చేయలేదు! క్లాసులో ఫస్టు వచ్చి మార్కులు చూపిస్తే "మంచిదమ్మా" అన్నాడు. ఒకసారి సిగ్గు విడిచి "క్లచ్ అంటే ఏంటి నాన్నా?" అని అడిగాను. ఆయన రెండు కంచాలు ఒకదానికొకటి ఆనించి చూపించబోతే, కోటి మధ్యలో దూరి "అట్టా కాదు మామయ్యా, తిప్పి చూపించు" అంది. ఆయన తిప్పి చూపించాడు. నాకు క్లచ్ ఈనాటికీ అర్థం కాలేదు, అర్థం చేసుకోను కూడా.

వంటింట్లో అమ్మ దగ్గర ఏడ్చాను. "నాన్నకి పొరుగింటి పుల్లకూర రుచి" అన్నాను. అమ్మ ఊరుకోబెడుతుందనుకుంటే, చేతిలో గరిట ఆపి నావైపు అదోలా చూసింది. "ఆ మాట ఇంకోసారి అనకు. ముఖ్యంగా దాని ముందర" అంది. సరే, అమ్మ కూడా దాని పక్షమే అని లెక్క తేల్చుకున్నాను.

జబ్బు కనిపెట్టింది కూడా అదే. గేదెలకి తెలగపిండి అయిపోతే ఇద్దరూ పేట వెళ్ళి బస్తాలు వెనక వేసుకొచ్చారు. వాకిట్లో కారు ఆగడంతోటే కోటి దూకి అరిచింది: "మామయ్యా, వచ్చేటప్పుడు వణకలా! గమనించావా?" నాన్న గమనించలేదు. బస్తాలు దించి తోలి చూశారు, వణికింది. మళ్ళీ ఎక్కించి తోలారు, వణకలేదు. మస్తానుకి కబురు పోయింది. ఆయన వచ్చి విని, కారు వెనక్కి పోయి, ఎత్తుగా లేచి ఉన్న కమాన్లు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పట్టీలేసి వెనక లేపావన్నా! వెనక లేస్తే షాఫ్టు వంకర పడదూ? బరువేస్తే దిగి సరిపోతోంది, ఖాళీగా ఉంటే వంకరకి కొట్టుకుంటోంది. నేనూ గాడిదనే, క్లచ్చులు మారుస్తా కూర్చున్నా." అదనపు పట్టీలు ఊడదీశారు. కారు వంగడం మానేసి తిన్నగా నిలబడింది. వణుకు పోయింది. నాన్న ఆ సాయంత్రం ఊళ్ళో ఎదురైన ప్రతివాడికీ "మా కోటి పట్టుకుంది" అని చెప్పాడు. మా కోటి! నన్ను ఏనాడూ "మా" చేర్చి పిలిచిన గుర్తు లేదు.

మర్నాడు కారు కడిగి, పంచెగుడ్డతో అద్దాలు మెరిసేలా తుడిచి, నాన్న ముందు తలుపు బార్లా తీశాడు. "రామ్మా, పర్చూరు పోయొద్దాం" అని నన్నే పిలిచాడు. దాని ఎంగిలి సీటు నాకెందుకు? "చదువుకోవాలి" అన్నాను, ఆయన నేర్పిన మాటే. ఆయన కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, ఒక్కడే వెళ్ళాడు. తర్వాత నేను గుంటూరు హాస్టలుకి వచ్చాను, చదువు, ఉద్యోగం, సంసారం. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మా వైపు కల్లాలు ఇప్పుడూ ఎర్రగానే ఉంటాయి గానీ, కాయలు కోల్డు స్టోరేజీలకి పోతాయి, ఏ ఇంటి ముందు చూసినా కారే. అందులో కూర్చున్నవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు. చేను ఎవరిదో, ఎవరు చెడ్డారో చెప్పేవాళ్ళు లేరు, వినేవాళ్ళూ లేరు. నా కారులో పక్కసీటు మీద నా హ్యాండ్‌బ్యాగు కూర్చుంటుంది.

కారు బాగుచేసిన రోజు ఇంటికొచ్చి, చల్లారిన కాఫీ పారబోసి మళ్ళీ పెట్టాను. వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడిన కోటేశ్వరిని చూసి, ఇన్నేళ్ళూ మర్యాదకి దాచుకున్నది ఇంక దాచలేక అనేశాను. "నాన్నకి నువ్వంటేనే ఎక్కువ ఇష్టం. నా సీట్లో నిన్ను కూర్చోబెట్టుకున్నాడు. నాకిప్పటికీ కుళ్ళే."

కోటేశ్వరి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అంటే నీకు తెలీదా వదినా? ఇన్నాళ్ళూ?"

"ఏం తెలియాలి?"

"షాఫ్టు మీద అనుమానంగా ఉంది, అది ముందువైపు ఊడి రోడ్డుకి గుచ్చుకుంటే బండి పల్టీ కొడతదని మస్తాను చెప్పాడు మామయ్యకి. ఆ రోజు నేను గచ్చు మీద గిన్నెలు తోముతా ఉన్నా. మామయ్య వంటింట్లోకొచ్చి అత్తయ్యతో అన్నాడు, బాగయ్యేదాకా అమ్మాయిని కారెక్కనీయొద్దని. 'మరి కోటో?' అంది అత్తయ్య. మామయ్య అటు తిరిగి, 'పక్కన ఎవరో ఒకరు లేకపోతే నాకెట్టా తెలుస్తది' అన్నాడు."

పాలు పొంగాయి. నేను స్టవ్ కట్టేయలేదు, అదే వచ్చి కట్టేసింది.

"నువ్వు విన్నావా ఆ మాట? విని కూడా ఎక్కావా?"

"విన్నా. ఆ పూట అన్నం సయించలా. పెట్టె సర్దుకుని మా ఊరు పోదామనుకున్నా. తెల్లారి మామయ్య 'కోటీ' అని కేకేశాడు." కాఫీ తనే కలుపుకుని, గ్లాసు ఊదుకుంటూ అంది, "పరిగెత్తా. మా నాయన నన్ను ఏనాడూ దేనికీ అట్టా పిలవలా వదినా."

ఇది విన్నాక నా కుళ్ళు వదిలిపోవాలి. న్యాయంగా అయితే సిగ్గుపడి, దాని చేతులు పట్టుకోవాలి. చేతులు పట్టుకున్నాను కూడా. ఒకరి బిడ్డని ప్రమాదం పక్కన కూర్చోబెట్టుకున్నందుకు నాన్న మీద కోపమూ వచ్చింది, ఆయన లేనందుకు ఆ కోపం ఎటు పోవాలో తెలియక నాలోనే ఉండిపోయింది. అయినా నిజం చెప్పాలి. ఆయన నన్ను భద్రంగా దాచాడు, దాన్ని పిలిచాడు. ఆ పొద్దున్నే కారు ఎక్కడ తిరగబడుతుందో తెలియకుండా, ఆ మాటలపుట్ట పక్కన, పాదాలు నేలకానించి కూర్చున్నది అది. రెంటిలో ఏది కావాలో కోరుకోమని ఇవాళ ఎవరైనా అడిగితే, నేను ఇంకా ఆ పిలుపే కోరుకుంటాను.